ఏడు గుండీల మామయ్య

మా మామయ్యకి తెలిసిన మాట ఒక్కటే: రేపు. పుట్టగానే వీపు మీద చరిస్తే ఏడవకుండా, రేపు ఏడుస్తాలే అన్నట్టు చూశాడని మా అమ్మమ్మ చెప్పేది. అమ్మమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. నాలాగే కాస్త సాగదీస్తుంది, అంతే.

దర్జీలందరూ రేపే అంటారు, ఇందులో వింతేముంది అంటారేమో. ఉంది. మిగతా దర్జీలు నోటితో అంటారు, మా మామయ్య మనస్ఫూర్తిగా అంటాడు. ఒకాయన పెళ్ళికని కోటుకి కొలతలిచ్చి వెళ్ళాడు. పెళ్ళి అయింది, కోటు కాలేదు. పొట్ట పెరిగింది, కొలతలు మారాయి, మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ రేపు. చివరికి ఆ కోటు తొడుక్కుని పెళ్ళి చేసుకున్నది ఆయన కొడుకు. అతికినట్టు సరిపోయింది.

“చూశావా అల్లుడూ, తొందరపడి ఉంటే గుడ్డ దండగయ్యేది” అన్నాడు మామయ్య.

లోకమంతా మోటారు మిషన్లు పెట్టుకుని బర్రున కుట్టి పారేస్తుంటే, ఈయన ఇంకా కాలితో తొక్కే మిషన్ మీదే ఊరేగుతున్నాడు. అది తిరిగే చప్పుడు వింటే ముసలి బాతుకి దగ్గొచ్చినట్టు ఉంటుంది. మోటారు పెట్టించుకోరాదా అని ఎవరైనా అడిగితే ఏమంటాడో వేరే చెప్పాలా.

కొట్టులో ముందు సగం నాది, వెనక సగం ఆయనది. నాది జిరాక్సు, ప్రింటు, బిల్లులు కట్టడం, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం. చదువు రెండో ఏడాదిలో మానేశాను. చదువే నన్ను మానేసిందని కొందరంటారు, వాళ్ళ అసూయ వాళ్ళది. నా వేళ్ళు తెర మీద పరిగెడుతుంటే చూడ్డానికి జనం ఆగిపోతారు. ఒకసారి ఇద్దరి దరఖాస్తులు రెండు చేతులతో ఒకేసారి నింపాను. ఇద్దరి పుట్టినతేదీలూ తారుమారయ్యాయి గానీ, వేగం మాత్రం వేగమే.

అలాంటి నా పక్కన ఇలాంటి మామయ్య. దేవుడు కూడా అప్పుడప్పుడు కొలత తప్పుతాడు.

ఇక ఆయన ఫోను సంగతి. మనుషులు ఫోనుకి గాజు తొడుగు వేస్తారు, రబ్బరు తొడుగు వేస్తారు. మామయ్య మందపాటి కోటు గుడ్డతో సంచీ కుట్టి, దానికి ఏడు గుండీలు పెట్టాడు. కాజాలు ఎంత బిగువంటే, ఒక్కో గుండీ తీయడానికి రెండు చేతులూ, ఒక నిట్టూర్పూ కావాలి. ఫోను మోగుతుంది. మామయ్య కత్తెర కింద పెడతాడు, కళ్ళజోడు సర్దుకుంటాడు, మొదటి గుండీ దగ్గరికి వస్తాడు. నాలుగో గుండీకి ఫోను దానంతట అదే విసిగి ఊరుకుంటుంది. ఆయన మళ్ళీ ఏడూ పెట్టేస్తాడు.

“మామయ్యా, అది అర్జెంటు ఫోనైతే?” అన్నానొకసారి.

“అర్జెంటైనవాడు నడిచొస్తాడు.”

“దూరంగా ఉంటే?”

“దూరంగా ఉన్నవాడికి నాతో అంత అర్జెంటు ఏముంటుందిరా?”

ఒకసారి నిజంగానే బ్యాంకు నుంచి ఫోన్ చేశారు, ఏవో కాగితాలు కొత్తవి ఇవ్వాలని. రేపు అన్నాడు. మర్నాడు చేశారు, మళ్ళీ రేపు. ఆరోజు సాయంత్రం కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి పాపం నడిచి వచ్చింది. గుమ్మంలోనే ఆపాడు.

“మీ కౌంటర్ దగ్గర పెన్నుకి కట్టిన దారం ఏ రంగమ్మా?”

“ఎరుపు. పెన్నులు పోతున్నాయని మీరే కదా బాబాయ్‌గారూ కట్టింది.”

“ఎన్ని పోగులు?”

“బాబాయ్‌గారూ, నాకు బస్సుంది.”

మూడు పోగులని చెప్పాకే లోపలికి రానిచ్చాడు. కాగితాలు మాత్రం మర్నాడే ఇచ్చాడు, అదీ బ్యాంకుకి తనే వెళ్ళి.

ఏడు గుండీలు దాటుకుని లోపలికి చొరబడే మొండివాళ్ళు కొందరుంటారు. వాళ్ళు మోసగాళ్ళే. నిజమైన పనున్నవాడికి అంత ఓపిక ఎక్కడిది? ఈ మధ్య దొంగల్లో కూడా పనితనం పడిపోయింది. పాత రోజుల్లో దొంగ కన్నం వేయాలంటే గోడ చూసుకోవాలి, కుక్కని చూసుకోవాలి, ఒళ్ళు వంచాలి. ఇప్పటివాడు కుర్చీలో కూర్చుని, ఎవడో రాసిచ్చిన కాగితం చూసి చదువుతాడు. అది కూడా తడుముకుంటూ.

“సార్, మీ కార్డు ఈ రోజుతో బ్లాక్ అయిపోతుంది.”

“కానివ్వు బాబూ. రేపు తెరిపించుకుంటా.”

“సార్, మీకు కారు బహుమతి వచ్చింది. గంటలోపు ఫీజు కట్టాలి.”

“రేపు పంపు. ఈ రోజు పెట్టుకోడానికి చోటు లేదు, కొట్టు ముందు మా అల్లుడి మోటార్‌సైకిల్ ఉంది.”

“సార్, రేపటికి ఆఫర్ ఉండదు సార్.”

“ఉండకపోతే నీకు పని తగ్గుతుంది కదా నాయనా, పడుకో.”

ఒకడైతే చివరికి బతిమాలాడు. సాయంత్రం లోపల ఇద్దరినైనా పట్టాలట, లేకపోతే వాడి పైవాడు తిడతాడట. మామయ్య అన్నీ విని, “నాక్కూడా నలభై స్కూలు నిక్కర్లు ఉన్నాయి బాబూ, నన్నెవరూ తిట్టరనుకున్నావా” అని ఓదార్చాడు.

ఇదంతా తెలివి అనుకునేరు. కాదు. ఈ గుండీల వెనక ఒక బుర్రతక్కువ కథ ఉంది, వీధి వీధంతా కంఠస్థం. రెండేళ్ళ కిందట పాత మిషన్ అమ్మి మోటారు మిషన్ కొందామని ఫోనులో ప్రకటన పెట్టారు. గంటలో ఒకడు బేరం కూడా ఆడకుండా కొంటానన్నాడు. “డబ్బు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి, మీ ఖాతాలో పడిపోతుంది” అన్నాడు. స్కాన్ అయింది, పిన్ పడింది, మోటారు మిషన్ కోసం మూడేళ్ళు దాచింది మొత్తం అటే పోయింది. పిన్ నొక్కేది డబ్బు ఇవ్వడానికేగానీ పుచ్చుకోడానికి కాదని పాలు మరవని పిల్లాడికి కూడా తెలుసు.

సిగ్గున్న మనిషైతే ఈ సంగతి కడుపులో దాచుకుంటాడు. మామయ్య కొలతలు తీసుకుంటూ ప్రతివాడికీ చెబుతాడు. “చెయ్యి ఎత్తండి. ఆ. నేనే నొక్కానండీ. వేలు పెట్టి మరీ నొక్కా. ఛాతీ నలభై.”

ఎదురుగా బేకరీ ఆయన ఉన్నాడు. నవ్వితే ఆయన పొట్ట ముందు నవ్వి, మొహం తర్వాత నవ్వుతుంది. “ఏం టైలరన్నా, ఈ రోజు ఎవరికైనా దానం చేశావా?” అని రోజుకోసారి రోడ్డు దాటి వచ్చి మరీ అడుగుతాడు.

“రేపు చేస్తాలే అన్నా” అంటాడు మామయ్య.

నేనూ నవ్వేవాణ్ణి. అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి. ఎందుకో తర్వాత చెబుతాను.

కొట్టు పైన మేడ మీద పెద్ద టీచరమ్మ ఉంటారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నాకు వరసగా మూడేళ్ళు సున్నాలు వేసిన చెయ్యి అది. ఆవిడ ఎర్ర పెన్నుతో పెట్టే టిక్కు నా పుస్తకంలో ఒక్కటి పడితే చూడాలని మా అమ్మ మొక్కని మొక్కు లేదు. ఒంటరి మనిషి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పదహారు మెట్లు దిగడానికి ఆవిడకి పట్టే టైములో నేను ఒక దరఖాస్తు నింపేస్తాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా కదపకుండా ఆపరేషన్ కోసం ఉంచుకున్నారు. వచ్చే సోమవారమే ఆసుపత్రికి.

ఆ గురువారం పొద్దున పదకొండింటికి ఆవిడ మెట్లు దిగి నేరుగా నా కౌంటర్ దగ్గరికి వచ్చారు. చెవిలో ఇయర్‌ఫోన్లు. మొహం సుద్దముక్కలా ఉంది.

“అబ్బాయీ, బంధువుకి డబ్బు పంపాలి. కొత్త పేరు ఎక్కించాలిట. నాకు చేతకావడం లేదు.”

“చిటికెలో పని టీచర్” అన్నాను. చిటికె వేసి కూడా చూపించాను. ఫోను తీసుకున్నాను. తెర పైన పచ్చ గీత వెలుగుతోంది, ఫోన్ నడుస్తూనే ఉందని. మూడు గంటల నలభై నిమిషాలు. గమనించాను. నా కంటికి ఏదీ తప్పించుకోదు. గమనించి, పెద్దవాళ్ళకి ఫోను పెట్టేయడం కూడా రాదు కదా అని లోలోపల నవ్వుకున్నాను. ఆవిడ కాగితం మీద రాసుకొచ్చిన ఖాతా నంబరు కొట్టాను, పేరు ఎక్కించాను, పంపగలిగే పరిమితి పెంచాను, మొత్తం కూడా కొట్టాను. రెండు నిమిషాల పది సెకన్లు.

“ఇక పిన్ ఒక్కటే. అది మీరే నొక్కండి టీచర్, నేను చూడను. నాకు కొన్ని నియమాలున్నాయి” అని మొహం పక్కకి తిప్పుకున్నాను.

ఆవిడ నొక్కలేదు. వేలు తెర మీద ఆగిపోయింది. ఇయర్‌ఫోన్ తీగకున్న మైకుని గుప్పిట్లో మూసి, దాదాపు వినపడకుండా అడిగారు.

“ఒరేయ్, ఫోన్లో మోసపోయేవాళ్ళంటారే, వాళ్ళు ఎలాంటివాళ్ళు?”

“ఎలాంటివాళ్ళేంటి టీచర్” అని నవ్వాను. వెనక్కి బొటనవేలు చూపించాను. “అదిగో, అలాంటివాళ్ళు.”

ఆవిడ నా వేలు చూపించిన వైపు చూశారు. నా మొహం చూశారు. తర్వాత ఫోను పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ మామయ్య బల్ల దగ్గరికి వెళ్ళారు.

బల్ల మీద నా చొక్కా గుడ్డ పరిచి ఉంది. మూడు నెలలుగా పరిచే ఉంది. ఆవిడ బల్ల మీది మార్కింగ్ సుద్ద తీసుకుని, నా లేతనీలం గుడ్డ మీద, నల్లబల్ల మీద రాసినట్టే గుండ్రటి అక్షరాలతో రాశారు: “పోలీసులట. నా పేరు మీద దొంగ పార్సిల్ దొరికిందట. ఎవరికైనా చెబితే అరెస్టట.”

మామయ్య కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. సుద్ద తీసుకుని ఆ కిందే రాశాడు: “ఎప్పటిలోగా?”

“పది నిమిషాలు.”

మామయ్య తల ఊపాడు. నా చొక్కా వీపు పడే చోట, అంత పెద్ద అక్షరాలతో రాశాడు: “రేపు.”

టీచరమ్మ ఆ మాటకేసి చాలాసేపు చూశారు. సుద్ద తీసుకుని దాని పక్కన ఒక టిక్కు పెట్టారు. నాకు జన్మలో పడని టిక్కు, నా చొక్కా మీదే, ఇంకొకరి జవాబుకి.

మామయ్య ఆవిడ చెవిలోంచి తీగలు తీసి, తన ఫోను పక్కన పెట్టి, ఆవిడ ఫోను తన సంచీలో వేసి గుండీలు పెట్టడం మొదలెట్టాడు. తీగ ఊడగానే లోపలి గొంతు బయటికి వినిపించింది. “హలో, మేడం, లైన్లో ఉండాలి, మేడం.” ఒక గుండీ. “మీ మీద వారెంటు ఉంది.” రెండు. “మేడం, ఏంటా చప్పుడు?” ఏడో గుండీ పడేసరికి వాడు బావిలోంచి అరుస్తున్నట్టు అయ్యాడు. కాసేపటికి ఫోన్ తెగింది. వెంటనే మళ్ళీ మోగింది. మామయ్య గుండీలు విప్పడం మొదలెట్టాడు, తొందరేమీ లేకుండా. మూడోసారి మోగినప్పుడు దొరికింది.

“ఎవడ్రా నువ్వు?”

“దర్జీని.”

“ఆవిడ అరెస్టులో ఉంది తెలుసా? ఫోనివ్వు ఆవిడకి.”

“అరెస్టులో ఉన్న మనిషి నా స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది బాబూ. మీ జైలు బాగుంది.”

“డ్యూటీకి అడ్డం వస్తున్నావ్. నిన్ను కూడా లోపలేస్తాం.”

“వెయ్యండి. రేపు.”

“రేపేంట్రా?”

“ఈ రోజు యూనిఫాంలు ఉన్నాయి. రేపు పదకొండింటికి రండి. మీ యూనిఫాం కూడా తెచ్చుకోండి, భుజాలు జారితే సరిచేసిస్తా. పోలీసువాళ్ళకి ఊరికే చేస్తాను.”

అటు కాగితం తిరగేస్తున్న చప్పుడు. బహుశా వాడి కాగితంలో దీనికి జవాబు రాసి లేదు.

“ఇంకో ఐదు నిమిషాల్లో ఆవిడ ఖాతా సీజ్ అయిపోతుంది, చెబుతున్నా.”

“మంచిది. సీజైతే దొంగలు కూడా తీయలేరు.”

వాడు ఒక మాట అన్నాడు. ఇక్కడ రాయను. మామయ్య శాంతంగా “దానికి జవాబు కూడా రేపే” అని పెట్టేశాడు.

తర్వాత ఫోను ఆపేసి, టీచరమ్మని వెంటబెట్టుకుని బ్యాంకుకి నడిచాడు. నడక అంటే వాళ్ళిద్దరి నడక. వాళ్ళు చేరేలోపు రెండు సిగ్నళ్ళు పాడైపోయి బాగయ్యాయి. ఎర్రదారం అమ్మాయి ఖాతా నుంచి డబ్బు కదలకుండా ఆపింది, నేను ఎక్కించిన పేరు తీసేసింది, ఫిర్యాదు నంబరుకి తనే ఫోన్ కలిపి ఇచ్చింది. నేను రెండు నిమిషాల పది సెకన్లలో చేసినదాన్ని విప్పడానికి అరపూట పట్టింది. అదీ నా పనితనం.

సాయంత్రం టీచరమ్మ మెట్ల దగ్గర ఆగారు. నేను ఊరుకోలేక అడిగాను.

“ముందు నా దగ్గరికే వచ్చారు కదా టీచర్. నాకే చెప్పి ఉండొచ్చుగా.”

“నీకు చెబితే నవ్వుతావురా.”

“నవ్వుతానా?”

“చెప్పకముందే నవ్వావు” అన్నారావిడ. “పొద్దున ఏడు దాటినప్పటి నుంచి వాడు నన్ను భయపెడుతున్నాడు. అరెస్టు అంటే సగమే భయపడ్డాను. లెక్కల టీచరు మోసపోయిందట అని వీధంతా అనుకుంటే? ఆ భయానికే పిన్ దాకా వచ్చాను. మీ మామయ్య ఒకసారి పోగొట్టుకున్నవాడు, పైగా అందరికీ చెప్పుకుంటాడు. ఆయన నవ్వడు కదా.”

పదహారు మెట్లూ ఎక్కి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నాకు ఒక పాత లెక్క సరిగ్గా అర్థమైంది. అదేమిటంటే:

రెండేళ్ళ కిందట ఆ కోడ్ స్కాన్ చేసింది మామయ్య కాదు. నేను. “ఉండు మామయ్యా, నీకు రాదు, ఇలా తే” అని ఫోను లాక్కున్నాను. పిన్ చెప్పమన్నాను, చెప్పాడు, నొక్కాను. ఎంత వేగంగా నొక్కానంటే, డబ్బు పోయిన సంగతి డబ్బుకి కూడా తెలిసి ఉండదు. నా కౌంటర్ పెట్టి అప్పటికి తొమ్మిది రోజులు. గోల విని బేకరీ ఆయన వచ్చాడు, వెనకే ఇంకో నలుగురు. ఏమైంది ఏమైంది అంటున్నారు. నేను నోరు తెరిచాను. నా నోట్లోంచి మాట రాకముందే మామయ్య అన్నాడు:

“నేనేనండీ. నేనే నొక్కా.”

జన్మలో ఆయన రేపటికి వాయిదా వేయని మాట అదొక్కటే. ఆ మాటతో నా కౌంటర్ నిలబడింది. అల్లుడే పోగొట్టాడని తెలిస్తే ఏ మనిషి నా చేతికి ఫోనిస్తాడు? మోటారు మిషన్ రాలేదు. ఆయన కాళ్ళు ఇంకా తొక్కుతూనే ఉన్నాయి. ఆ తొక్కుడు వల్లే పనులు ఇంకో రెండు రేపులు వెనకబడ్డాయి. వాటి మీద కూడా నేను జోకులు వేశాను.

అయితే నాకు తెలియనిది ఇంకా ఉంది. ఆ మర్నాడు బేకరీ ఆయన రోడ్డు దాటి వచ్చాడు. దానం సంగతి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అటూ ఇటూ చూసి, పిండి అంటిన ఏప్రన్ జేబులోంచి ఒక సంచీ తీసి మామయ్య ముందు పెట్టాడు. కోటు గుడ్డ. ఏడు గుండీలు.

“ఐదోది ఊడిందన్నా. కాస్త కుట్టిపెట్టు.”

సంచీ మూత లోపలివైపు పచ్చ దారంతో రెండు నంబర్లు కుట్టి ఉన్నాయి: ఒకటి ఆయన బ్యాంకుది, ఒకటి ఫిర్యాదులది. కిందటేడు ఆయనకి కూడా కారు బహుమతి వచ్చిందట. ఫీజు కట్టే ముందు మామయ్య దగ్గరికి రహస్యంగా వచ్చాడట.

“ఎన్ని కుట్టావు మామయ్యా ఇలాంటివి?” అన్నాను ఆయన వెళ్ళాక.

“ముప్ఫై ఒకటి. టీచరమ్మది ముప్ఫై రెండోది.”

“నా చొక్కా మూడు నెలలు ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది.”

“నీ చొక్కా వేరే కారణానికి ఆగింది. కాలర్ ఎటువైపో నాకింకా తేలలేదు.”

“మామయ్యా, ఈ రోజు వీధందరికీ చెప్పేస్తాను. నొక్కింది నేనని.”

మిషన్ ఆగింది. ముసలి బాతు దగ్గడం మానేసింది. ఆయన దారం పళ్ళతో తెంపి, నా వైపు చూడకుండా అన్నాడు.

“చెబితే వీళ్ళంతా ఎవరి దగ్గరికి వస్తార్రా? నువ్వేమో నవ్వుతావు. రేపు చెబుదువుగానిలే.”

ఆపరేషన్ అయింది. టీచరమ్మ ఇప్పుడు పదహారు మెట్లూ గబగబా దిగి వచ్చి తన కర్టెన్ల గురించి అడుగుతున్నారు. జవాబు ఆవిడకి ముందే తెలుసు, నా చొక్కా గుడ్డ మీద ఇంకా చెరగలేదు.

నేను మాత్రం ఆగలేక ఇదంతా రాసేశాను. అచ్చయ్యాక ఒక కాపీ మామయ్య బల్ల మీద పెట్టాను. అట్ట చూశాడు, టేపు మెళ్ళో వేసుకున్నాడు, పుస్తకాన్ని నిక్కర్ల కట్ట కింద దోపాడు. ఎప్పుడు చదువుతావని అడిగాను. ఆయన చెప్పిన జవాబు ప్రకారం, ఈ రోజుకి నాకేం భయం లేదు.